గట్టు దిగినవాళ్ళు

గుంటూరు,
ఫిబ్రవరి, ఆదివారం.

ఏమే రహీమా,

క్షేమంగా ఇల్లు చేరాం. "ఒక్క ఫోన్ కొడితే పోయేదానికి ఉత్తరమేంటి నానమ్మా" అంటాడు మా శశిభూషణ్. నీ చెవి మిషను ఈలకీ నా అరుపులకీ మధ్య మన కబుర్లు వీధి వీధంతటికీ అర్థమవుతాయి గానీ మనిద్దరికే అర్థం కావని వాడికేం తెలుసు. పైగా నీకిప్పుడు కళ్ళలో శుక్లాలు కూడాను. నా ఉత్తరం మీ తమ్ముడు అయూబ్ చదివి వినిపించాలి. అయూబ్, గట్టిగా చదువు నాయనా, మీ అక్క సగం విని మిగతా సగం సొంతంగా కల్పించుకుంటుంది.

ట్రైనింగ్ కాలేజీ హాస్టల్లో పక్కపక్క మంచాల మీద పడుకున్న రోజుల నుంచీ "మా కొంగరవారిపాడుకి కొంగలొస్తాయే" అని చెప్తూనే ఉన్నావు. "మా ఊరికీ వస్తాయి, మేం వాటిని చుట్టాలంటాం" అని ఎగతాళి చేశాను. ఇన్నేళ్ళకి వచ్చి చూశాక నోరు మూసుకున్నాను. చెరువు మధ్య తుమ్మచెట్లకి ఆకుల కన్నా పిట్టలే ఎక్కువున్నాయి. ఎర్రకాళ్ళ కొంగలు రెక్కలు విప్పి, పిల్లల మీద ఎండ పడకుండా అలా నిలబడే ఉన్నాయి. గూడబాతుల మొహాలు మా పాత హెడ్మాస్టరు గారిని గుర్తుచేశాయి. ఉద్యోగం చేసినంత కాలం బోర్డు మీద కొంగ బొమ్మ గీశాను. ముక్కు ఎప్పుడూ తప్పే గీశానని నిన్న తెలిసింది.

ఫోనులో పాటలు మోగిస్తున్న ఆ పక్క ఊరి కుర్రాళ్ళకి పెట్టిన చీవాట్లు విన్నావా? వినపడి ఉండదులే, నీ చెవులకి. "ఒరేయ్, ఇది పురిటిల్లు. మీ అమ్మ పురిటి మంచం దగ్గర ఇలాగే డప్పు కొట్టించార్రా?" అన్నాను. అటవీ శాఖ వాళ్ళ బోర్డు వేలెత్తి చూపించి పైనుంచి కిందిదాకా చదివించాను. అయూబ్ నవ్వాపుకోలేక తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు.

మా శశిభూషణ్ కూతురు, నా ముని మనవరాలు ఆశ్రితని చూసిన ప్రతివాళ్ళూ బుగ్గ గిల్లడంతో అది గుక్కపెట్టి ఏడుస్తుంటే, నీ పొయ్యిలో నిప్పులు, నీ డబ్బాలో మిరపకాయలు, కళ్ళుప్పు తీసుకుని దిష్టి తీశాను కదా. "సైన్సు టీచరువి, నువ్వు దిష్టి తియ్యడమేమిటే" అని నవ్వావు. సైన్సు బడి గేటు దాకానే. వాడరేవు సముద్రం కనిపించేదాకా పిల్ల కిక్కురుమనకుండా నిద్రపోయింది. ఫలితం చూశావా మరి!

మళ్ళీ ఏడు తప్పకుండా వస్తాను.

నీ ప్రసూన


కొంగరవారిపాడు,
ఫిబ్రవరి ఆఖరు.

ప్రసూనా,

చదవడానికే కళ్ళు పనికిరావు గానీ, రాయడానికి చేతి అలవాటు చాలు. వంకర లైన్లకి ఏమీ అనుకోకు.

నీ ఉత్తరం వచ్చేసరికి ఇక్కడ నవ్వే పరిస్థితి లేదు. మీ కారు వెళ్ళిన కాసేపటికే గట్టు కింద, అయూబ్ కల్లం అంచున పోసిన తాలు కుప్ప అంటుకుంది. రంగు పోయిన కాయలు, తొడిమలు, చెత్త. మంట కాదు, పొగ. గాలి చెరువు మీదకే ఉంది. మిరపకాయ పొగంటే గుంటూరుదానివి నీకు చెప్పాలా? ఇళ్ళలో ఉన్నవాళ్ళమే దగ్గలేక చచ్చాం. కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. కిందికి దిగలేక పైన గుండ్రంగా తిరుగుతుంటే, గూళ్ళలో పిల్లలు అంచులకి పాకి నీళ్ళలో పడ్డాయి. మిగతా పని కాకులూ గద్దలూ చేశాయి. అయూబ్ పీకల్లోతు నీళ్ళలో దిగి దొరికినవాటిని బుట్టలో వేసి తెచ్చాడు. వాటిలో బతికినవాటిని అటవీ శాఖ వాళ్ళు తీసుకెళ్ళారు.

సాయంత్రం చెరువు కమిటీ పెద్ద దానయ్య ఊరిని గట్టు మీదకి పిలిచాడు. మా ఊరి కట్టుబాటు నీకోసారి చెప్పాను. పిట్టలకి కీడు చేసినవాణ్ణి కొట్టరు, తిట్టరు. గట్టు దించుతారు. మళ్ళీ ఏడాది దాకా వాడు చెరువు గట్టు ఎక్కకూడదు. తన పెళ్ళిలో టపాకాయలు కాల్చాడని దానయ్య సొంత బావమరిదినే దించారు. పాపం ఊరేగింపులో సగం దూరం పొలాలకడ్డంపడి నడిచాడు పెళ్ళికొడుకు.

"కుప్ప ఎవరిదిరా?" అన్నాడు దానయ్య.

"నాదే మామా. కానీ నేను కాల్చలా."

"నీ కుప్ప, నీ కల్లం. ఇంకెవరొచ్చి కాలుస్తారా?"

అయూబ్ చెప్పులు చేత్తో పట్టుకుని దిగొచ్చేశాడు. బుట్టలో పిల్లల్ని మోసిన తడి బట్టలు ఇంకా ఒంటిమీదే ఉన్నాయి.

మీరు ఆ దారినే కదా వెళ్ళారు. నీకేమైనా కనిపించిందా ప్రసూనా?

రహీమా


గుంటూరు,
మార్చి.

ప్రియమైన రహిమున్నీసాకి,

విషయం తెలిసి చాలా విచారించాను.

మాకేమీ కనిపించలేదు. ఎండగా ఉందని కారు అద్దాలు మూసేసుకున్నాం. ఎండాకాలం మొదట్లో ఇలా కుప్పలు వాటంతటవే అంటుకోవడం కద్దు. పెంకులాంటి గాజుముక్క మీద ఎండ పడినా చాలు, తొమ్మిదో తరగతి పాఠంలో ఉంది. లేదా ఎవరైనా బీడీ పారేసి ఉండవచ్చు. ఆ ఫోను కుర్రాళ్ళు ఉన్నారే, వాళ్ళ వాలకం నాకు మొదటినుంచీ నచ్చలేదు. వాళ్ళని విచారిస్తే మంచిదేమో.

అయూబ్‌ని బాధపడవద్దని చెప్పు. గోంగూర పచ్చడి ఒక సీసా శశిభూషణ్ స్నేహితుడి ద్వారా పంపుతున్నాను.

ఇట్లు,
జ్ఞానప్రసూనాంబ


కొంగరవారిపాడు,
ఏప్రిల్.

ప్రసూనా,

పచ్చడి అందింది. ఉప్పెక్కువైంది.

నీ ఉత్తరం అయూబ్ గట్టిగా చదివాడు. చదివి, చొక్కా వేసుకుని పక్క ఊరు వెళ్ళాడు. టీచరు గారు ఊరికే అనరు ఆపా, అన్నాడు. ఆ కుర్రాళ్ళ ఇల్లు వెతికి పట్టుకుని వాళ్ళ నాన్న ముందే అడిగాడట. ఒకడు ఏడ్చేశాడట. "ఆ మామ్మగారు తిట్టగానే సిగ్గేసి అప్పుడే వచ్చేశాం అన్నా, ఫోటోలు కూడా తీసుకోలేదు" అన్నారట. వాళ్ళ నాన్న అయినా వినకుండా రెండు తగిలించాడట. అయూబ్ ఇంటికొచ్చి అన్నం తినలేదు. "నా మాట నమ్మకుండా దించారని ఏడ్చాను, నేనూ వెళ్ళి అదే పని చేశాను ఆపా" అన్నాడు.

వాడి కల్లానికి దారి గట్టు మీదుగానే. ఇప్పుడు మిరపకాయ టిక్కీ బస్తాలు నెత్తిన పెట్టుకుని పొలాలన్నీ చుట్టి మోస్తున్నాడు. పొద్దున్నే లేచి కొంగల్ని చూడందే టీ తాగేవాడు కాదు. ఇప్పుడు అరుగు మీద చెరువుకి వీపు పెట్టి కూర్చుంటాడు.

పిట్టలు వెళ్ళిపోవడం మొదలైంది. ఈ ఏడు పిల్లలతో వెళ్ళేవి తక్కువ. మళ్ళీ వస్తాయో రావో అని ఊళ్ళో ఒకటే గుసగుసలు. పొగ గుర్తుంచుకుంటాయంటారు కొందరు.

ఇంక నువ్వు రాయి. నేను రాయవలసింది అయిపోయింది.

రహీమా


గుంటూరు,
జూన్.

రహీమా,

రెండు నెలలు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. పిల్లలు పరీక్షలో పక్కవాడి పేపరు చూడడానికి పడే అవస్థ చూసి నవ్వేదాన్ని. నాకు పక్కన పేపరు కూడా లేదు.

ఇది అయూబే చదువుతాడని తెలుసు. నీకొక్కదానికే తెలిసే దారి వెతికాను. శశిభూషణ్‌ని పంపి చెవిలో చెప్పిద్దామనుకున్నాను. నీ చెవిలో చెప్పడమంటే మైకులో చెప్పడమే. ఆలోచించి ఆలోచించి, వినవలసినవాడే చదివితే తప్పేమిటనిపించింది. అయూబ్, గట్టిగా చదువు నాయనా. ఇక్కణ్ణుంచి మాట మింగకుండా చదువు.

ఆ కుప్ప అంటించింది నేను.

దిష్టి తీశాక నిప్పుల చట్టి మీ వాకిట్లో పొయ్యకూడదనుకున్నాను. ఇంటివాళ్ళకి చుట్టుకుంటుందట. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు, మా అత్తగారు చేసేవారు. ఊరి బయట పారబోద్దామని చట్టి కారులో కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. గట్టు మలుపులో కారాపించి, దిగి, ఎదురుగా చెత్తకుప్ప కనిపిస్తే దాని మీద బోర్లించాను. తాలు అని చూడలేదు. చూసినా ఆలోచించేదాన్ని కాదు. వెనక్కి తిరిగి చూడకూడదు కాబట్టి చూడకుండా వచ్చి కూర్చున్నాను.

ఇంతవరకూ చెప్పి ఆపేస్తే తెలియక చేసిన పొరపాటవుతుంది. ఆపను. కారు కదిలాక శశిభూషణ్ అద్దంలో చూసి, "నానమ్మా, వెనక పొగొస్తోంది" అన్నాడు. నేనూ చూశాను. "మిరపకాయలు కదరా, పొగ రాదా? అద్దాలు ఎక్కించు, పిల్ల దగ్గుతుంది" అన్నాను. ఆశ్రిత అప్పుడే కళ్ళు మూసింది. కారాపితే లేస్తుంది. వాడరేవులో భోజనానికి ఆలస్యమవుతుంది. అంతకన్నా పెద్ద కారణం ఉంటే బాగుండునని ఈ రెండు నెలలూ వెతికాను. దొరకలేదు.

గాజుముక్క అన్నాను. బీడీ అన్నాను. నా మాట విని లేచిపోయిన ఆ కుర్రాళ్ళని దొంగల్ని చేశాను. పేరులో జ్ఞానం పెట్టుకుని తొమ్మిదో తరగతి పాఠం అడ్డం పెట్టుకున్నాను.

అయూబ్, నిన్ను క్షమించమని అడగడానికి నాకు మొహం లేదు. అడగడం లేదు. ఏం చెయ్యమంటారో చెప్పండి.

ప్రసూన


పొదిలి,
జూలై.

ప్రసూనా,

మా ఫర్హానా ఇంటికొచ్చాను. ఒక కంటికి ఆపరేషన్ అయింది, రెండోది చలికాలంలో చేస్తారట. అందాకా నన్ను పొదిలి దాటనివ్వదట నా కూతురు.

నీ ఉత్తరం అయూబ్ చదివిన వైనం చెప్తాను. "మాట మింగకుండా చదువు" అన్నదాకా గట్టిగానే చదివాడు. తర్వాత ఆగాడు. పెదాలు కదులుతున్నాయి, మాట లేదు. "వినపడ్డంలా, గట్టిగా!" అన్నాను. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఏం లేదు ఆపా, అందరూ క్షేమమేనంట. ఎండలు మండిపోతున్నాయంట" అన్నాడు. నీ ఉత్తరంలో ఎండల సంగతి ఉంటే నన్ను చెప్పుతో కొట్టు.

ఫర్హానా నన్ను తీసుకెళ్ళడానికొచ్చినప్పుడు వాడి జేబులోంచి లాగించి చదివించుకున్నాను. "ఊళ్ళో చెప్పరా" అన్నాను. "మనింటికొచ్చిన మనిషి ఆపా. పెద్దావిడ. వదిలెయ్" అన్నాడు.

ఇప్పుడు నా వంతు. నాకు ముందే తెలుసు ప్రసూనా. నువ్వు చట్టి పట్టుకుని కారెక్కడం నా కళ్ళతో చూశాను. శుక్లాలున్నా ఎర్రటి నిప్పులు కనిపించవా? తిరిగి రాలేదు ఆ చట్టి. కుప్ప పక్కన దాన్ని దొరకబుచ్చుకుని దూలగొండి పొదల్లోకి విసిరేసింది నేనే. నిప్పు నా పొయ్యిలోది, మిరపకాయలు నా డబ్బాలోవి, మనిషివి నా స్నేహితురాలివి. మా ఇంటికొచ్చినవాళ్ళు పిట్టల్ని చంపారని ఊళ్ళో అనిపించుకోవడం కన్నా తమ్ముడు గట్టు దిగడమే తేలికనిపించింది. వాడికి ఆ రాత్రి అన్నం పెట్టాను, నీళ్ళిచ్చాను, నోరు మాత్రం విప్పలేదు. నీకు రాసి, నువ్వే చెప్తావని చూశాను. నీకు పరీక్ష పెట్టానని నాకు నేను చెప్పుకున్నాను. నేను తప్పిన పరీక్ష నీకు పెట్టడమేమిటి?

ఏం చెయ్యమంటారని అడిగావు. కొంగలు వచ్చే ముందు, వినాయకచవితి వెళ్ళాక, ఊరంతా గట్టు మీద చేరుతుంది. ఆ ఏడు పాటించవలసినవి దానయ్య చెప్తాడు. ఆ రోజు నువ్వు వెళ్ళు. నేను చెప్తే చాడీ అవుతుంది. అయూబ్ చెప్పడు.

రహీమా


గుంటూరు,
సెప్టెంబరు.

రహీమా,

వెళ్ళొచ్చాను.

ఆటోలో ఒక్కదాన్నే వెళ్ళాను. శశిభూషణ్ కారు తెస్తానన్నాడు, ఆ కారు వద్దన్నాను. ముందు పక్క ఊరు పోయి ఆ కుర్రాళ్ళ ఇంటికెళ్ళాను. నన్ను చూడగానే వాళ్ళిద్దరూ జేబులో ఫోన్లు ఆపేశారు! తప్పు నాదిరా అంటే వాళ్ళమ్మ, "అయ్యో కూర్చోండి మామ్మగారూ, ఎండనపడి వచ్చారు" అని మజ్జిగిచ్చింది. వాళ్ళ నాన్న మాత్రం తల వంచుకుని బయటికి వెళ్ళిపోయాడు.

గట్టు మీద ఊరంతా ఉంది. అయూబ్ కింద, కల్లం పక్కన ఒంటరిగా నిలబడ్డాడు. నేను లేచి, మాట పొల్లుపోకుండా చెప్పాను. చట్టి, కుప్ప, అద్దంలో పొగ, "అద్దాలు ఎక్కించు" అన్న మాట కూడా. నీ సంగతి ఎత్తలేదు, అది నీది.

రాళ్ళేస్తారనుకున్నాను. కుర్చీ వేశారు రహీమా. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, దాని దుమ్ము తువ్వాలుతో దులిపి మరీ వేశాడు దానయ్య. "పెద్దోరు, టీచరు గారు, తెలియక జరిగింది. దిష్టి ఎవరు తియ్యరమ్మా? ఒప్పుకోటమే గొప్ప" అన్నాడు. ఎవరో కూల్‌డ్రింకు తెప్పించారు. ఒకావిడ నా చెయ్యి పట్టుకుని కన్నీళ్ళు పెట్టుకుంది, నన్ను ఓదార్చడానికి.

నేను కూర్చోలేదు. "అయూబ్‌ని పిలిచిన రోజు ఈ కుర్చీ ఎక్కడుంది దానయ్యా?" అన్నాను.

కూల్‌డ్రింకు తెచ్చినవాడు దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తో పట్టుకునే నిలబడ్డాడు.

"నన్నూ దించండి" అన్నాను.

"మీరు ఊరివారు కాదుగా టీచరు గారూ. మా కట్టుబాటు మీకెట్టా వర్తిస్తది?"

"కొంగలు కూడా ఈ ఊరివి కావు. వాటికెట్టా వర్తించింది?"

దానయ్య కుర్చీ తనే ఎత్తి పక్కన పెట్టాడు. "ఒరేయ్ అయూబూ, పైకి రారా" అన్నాడు. నేను చెప్పులు చేత్తో పట్టుకున్నాను.

మెట్లు ఇరుకు కదా. నేను దిగుతుంటే అతను ఎక్కాలి. పక్కకి ఒరిగి నాకు దారిచ్చాడు. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ముడుచుకుపోయాను నేను. అతనెందుకు తల వంచాడో నాకింకా అర్థం కాలేదు. మంచివాళ్ళకి మన సిగ్గు కూడా వాళ్ళే మోసే జబ్బుంటుంది కాబోలు.

ప్రసూన


పొదిలి,
నవంబరు.

ప్రసూనా,

అయూబ్ ఫర్హానాకి ఫోన్ చేశాడు. పిట్టలొచ్చాయట. నిరుటి కన్నా తక్కువ. ఒక తుమ్మచెట్టు, కల్లం వైపుది, ఖాళీగానే ఉందట. దాని మీద ఒక్కటీ వాలడం లేదట. మిగతా చెట్ల మీద పుల్లలు పేరుస్తున్నాయి. వాడు పొద్దున్నే చూసొచ్చి టీ తాగుతున్నాడు.

నేను చట్టి సంగతి వాడికి చెప్పాను, ఫోనులోనే. చెవి మిషను ఈల వేస్తుంటే వాడేమన్నాడో వినిపించలేదు. ఇంకోసారి చెప్పమని అడగలేదు నేను. దానయ్యకీ ఫర్హానా చేత చెప్పించాను. నన్నెవరూ దించలేదు, ఊళ్ళో లేనిదాన్ని ఎట్లా దించుతారు? తిరిగి వెళ్ళాక కూడా, నీ ఏడాది అయ్యేదాకా నేనూ గట్టెక్కను. కొత్త కళ్ళు పెట్టించుకుని పిట్టల్ని చూడనిదాన్ని నేనే అయ్యుంటాను.

ఆశ్రితని తీసుకెళ్ళు. పిల్ల ఏం చేసింది?

రహీమా


గుంటూరు,
డిసెంబరు.

రహీమా,

తీసుకెళ్ళాను. శశిభూషణ్ చెయ్యి పట్టుకుని గట్టెక్కింది. ఏ దిష్టీ తియ్యలేదు, ఎవరు బుగ్గ గిల్లినా ఊరుకున్నాను. నేను గట్టు కింద ఆటోలో కూర్చున్నాను. అక్కణ్ణుంచి చెరువు కనిపించదు. మట్టి గోడ, దాని మీద గడ్డి, ఆ పైన ఆకాశం. రెక్కల చప్పుడు మాత్రం వినిపించింది, తడి దుప్పటి దులుపుతున్నట్టు. పైనుంచి "తాతమ్మా! కొంగ చేప మింగింది! తాతమ్మా, రా!" అని పిల్ల ఒకటే కేకలు. వాళ్ళ నాన్న ఏం చెప్పాడో, కాసేపటికి ఆ కేకలు ఆగాయి.

అయూబ్ గాజుగ్లాసులో టీ పట్టుకుని మెట్లు దిగాడు. ఆటో వైపే వస్తున్నాడు. "అయిందేదో అయింది, రండి టీచరు గారూ" అంటాడనుకున్నాను. ఆ ఊళ్ళో ఇప్పటికి ప్రతివాళ్ళూ అన్నారు ఆ మాట, ఆటో అతనితో సహా. అతనే అంటే కాదనే ధైర్యం నాకు లేదు.

గ్లాసు చేతికిచ్చాడు. గట్టు వైపు చూశాడు. నా వైపు చూశాడు, ఈసారి నేరుగా.

"చల్లారిపోద్ది, తాగండి" అన్నాడు. తిరిగి మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

రమ్మనలేదు రహీమా. గ్లాసు తీసుకోవడానికి వచ్చినప్పుడు అతనికి దండం పెట్టాలనిపించింది. ఎందుకని అడిగితే చెప్పలేను కాబట్టి, టీ బాగుందన్నాను. ఏం బాగు, మీ ఇంటి టీయే కదా, పంచదార పాకం.

ప్రసూన